శ్రీకాకుళం తీరాన్ని గోవా చేయాల్సిన పని లేదు

ప్రతి చలికాలం నా ఫోన్‌లో ఒకే రకం వీడియో తిరుగుతుంటుంది. డ్రోన్‌తో పైనుంచి తీసింది, ఒకపక్క కొబ్బరి తోటలు, మధ్యలో మనిషి జాడ లేని ఇసుక, ఇంకోపక్క నీలం సముద్రం, మీద పెద్ద అక్షరాలతో "ఇది గోవా కాదు, మన శ్రీకాకుళం". బాగుంటుంది, నేనూ లైక్ కొడతాను. కామెంట్లు తెరిచాకే మనసు చివుక్కుమంటుంది. "ఇంత అందం పెట్టుకుని ఏం లాభం బ్రో, డెవలప్ చేసే నాథుడే లేడు", "నాలుగు రిసార్టులు, ఒక బీచ్ రోడ్డు పడితే గోవాని మించిపోద్ది". రాసేవాళ్ళకి ఆ తీరమంటే ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ ఆ ప్రేమతోనే దాన్ని పోగొట్టుకుంటామేమో అని నా భయం, అందుకే ఇంత పొడుగు పోస్టు.

నా మాట ముందే చెప్పేస్తాను. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న తీరం డ్రోన్‌లో ఖాళీగా కనిపిస్తుంది గానీ అక్కడ ఖాళీ జాగా అంటూ ఏమీ లేదు, తెల్లవారుజామున ఒకళ్ళు, మధ్యాహ్నం ఒకళ్ళు, రాత్రి తాబేళ్ళు, ఎవరి పని వాళ్ళు చేసుకునే చోటు అది. మనలాంటి తిరిగేవాళ్ళు ఆ పనికి అడ్డం రాకుండా ఆ ఊళ్ళలోనే తిని, అక్కడే పడుకుని, అక్కడే నాలుగు డబ్బులు ఖర్చుపెడితే చాలు. ఇక గవర్నమెంటుని అడగాల్సినవి బస్సులు, బాత్రూములు, జెట్టీలు. రిసార్టుల సంగతి వాటి తర్వాత.

ఆ తీరం మీద తిరగడం ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ వాదన గాల్లో ఉంటుంది. తూర్పు కనుమల్లోంచి చిన్న చిన్న నదులు వరసగా దిగి సముద్రంలో కలుస్తాయి. భీమిలి దగ్గర గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళం కింద కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం వైపు బాహుదా. ఒక్కో నది మొగ దగ్గర తీరం తెగిపోతుంది. అందుకే ఒడ్డు వెంబడి ఒకటే రోడ్డు మీద వెళ్ళిపోదామంటే కుదరదు, మళ్ళీ వెనక్కి పదహారో నంబర్ హైవే ఎక్కాలి, కాస్త దూరం పోవాలి, మళ్ళీ ఇంకో ఊరి రోడ్డు పట్టుకుని సముద్రం వైపు దిగాలి. శ్రీకాకుళం జిల్లా ఒక్కదానికే 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో ఏ జిల్లాకీ అంత లేదు, అయినా అక్కడ సముద్రం ఎప్పుడూ కిటికీలోంచి కనబడదు, ప్రతిసారీ ఏదో ఒక ఊళ్ళోంచి నడిచి వెళ్తేనే కనిపిస్తుంది. చాలామందికి ఇది లోపం. నాకైతే ఆ తీరాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది ఇదే అనిపిస్తుంది, పైగా జీడిమామిడి తోటల మధ్య ఎర్రమట్టి దారిలో ఆటోలో ఊగుతూ పోతుంటే ముందు ఉప్పుగాలి తగిలి, తర్వాత సరుగుడు చెట్ల హోరు వినిపించి, ఆ తర్వాత ఎప్పటికో నీళ్ళు కనిపించడంలో ఉండే ఆనందం కారు బానెట్ మీద కూర్చుని చూస్తే రాదు.

రోడ్డు వేస్తే ఏమవుతుందో చూడటానికి వైజాగ్ ఉంది. నాకు వైజాగ్ ప్రాణం, తప్పుగా అనుకోవద్దు, ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి ఎన్నిసార్లు దూరినా మళ్ళీ దూరాలనిపిస్తుంది. కానీ ఆర్కే బీచ్ ఇసుక కథ ఎంతమందికి తెలుసు? మన తూర్పు తీరంలో ఇసుక నిలకడగా ఉండదు, నైరుతి రుతుపవనాల కెరటాలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటాయి. ఒకచోట కోసినా దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ లోటు పూడుస్తుంది. 1970ల్లో వైజాగ్ ఔటర్ హార్బర్ కోసం సముద్రంలోకి రాతిగోడలు కట్టాక ఆ ఇసుక అక్కడే ఆగిపోవడం మొదలైంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్‌కి రావాల్సిన వాటా రావట్లేదు, కోత మాత్రం ఆగలేదు. అందుకే పోర్టు వాళ్ళు డ్రెడ్జర్‌తో ఇసుక తోడి పైపుల్లోంచి బీచ్ మీదికి పోయించాల్సి వస్తోంది. మనం సాయంత్రం మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చునే ఇసుకలో అలా తెచ్చి పోసిందీ ఉంది. నగరానికి పోర్టు కావాలి, దానివల్ల లక్షలమంది బతుకుతున్నారు, సరే. కానీ ఒక గోడ కడితే దాని ఖర్చు ఎప్పటికీ కడుతూనే ఉండాలి, ఆ సంగతి ముందే తెలుసుకుని కట్టాలి కదా.

రైల్వే స్టేషన్ దగ్గర 900కే బస్సెక్కి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్తుంటే దారిలో ఎర్రమట్టి దిబ్బలు వస్తాయి. అందరూ ఫోటోలకి వెళ్ళే చోటు. వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో సముద్రం బాగా వెనక్కి తగ్గి ఉన్నప్పుడు గాలి తెచ్చి పోసిన ఇసుక అది, రేణువుల చుట్టూ ఇనుప తుప్పు పొర పట్టి ఎర్రబడింది, తర్వాత వానలు కోసి కోసి లోయలు చేశాయి. దగ్గరికెళ్ళి గోడని వేలితో గీకి చూడండి, ఇసుకలా రాలిపోతుంది. రాయి అనుకుంటాం, రాయి కాదు. ఇలాంటిది తమిళనాడులో, శ్రీలంకలో తప్ప ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. జియాలజికల్ సర్వే వాళ్ళు దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అలాంటి చోట, 2024లో దిబ్బల్ని ఆనుకునే యంత్రాలు పెట్టి తవ్వేశారు, జనం గొడవ చేసి పేపర్లో వచ్చాక ఆగింది. వానకే కోసుకుపోయే మట్టి జేసీబీకి ఎంతసేపు ఆగుతుంది? మనం కూడా ఆ గోడలెక్కి జారుడుబండ ఆడకుండా ఉంటే మంచిది, ప్రతి పాదం కొంత రాలగొడుతుంది.

భీమిలి గురించి ఎక్కువ చెప్పను, అందరూ వెళ్తారు కాబట్టి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ళ సమాధులు మాత్రం తప్పకుండా చూడండి, పదిహేడో శతాబ్దం నాటివి కూడా ఉన్నాయి. బట్టల వ్యాపారానికి అంత దూరం నుంచి వచ్చి ఇక్కడే మట్టైపోయినవాళ్ళ పేర్లు ఆ రాళ్ళ మీద ఇంకా చదవొచ్చు.

తొట్లకొండ, బావికొండ, అక్కడ నుంచి పైకి వెళ్తే వంశధార ఒడ్డున శాలిహుండం, ఇవన్నీ ఒక వరసలో చూస్తే ఒక విషయం తడుతుంది. బౌద్ధ భిక్షువులు విహారాలు కట్టుకున్న ఈ కొండలన్నీ సముద్రానికీ నది మొగలకీ దగ్గర్లోనే ఉన్నాయి. ఎందుకంటే ఓడలొచ్చేది అక్కడికే, వ్యాపారులు తిరిగేది అక్కడే, దానాలు వాళ్ళే ఇచ్చేవాళ్ళు. కొండ మీద ప్రశాంతత, కింద రేవు సందడి, రెండూ పక్కపక్కనే బతికాయి. శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి పంతులుగారు, మనం ఇలా మాట్లాడినట్టే రాసుకోగలుగుతున్నామంటే అందులో ఆయన వాటా పెద్దది. ఆ కొండ మీద కూర్చుంటే కింద వంశధార వంపు తిరుగుతూ సముద్రం వైపు పోవడం కనిపిస్తుంది, సాయంత్రం పూట వెళ్ళండి, వెళ్ళేటప్పుడు నీళ్ళు పట్టుకెళ్ళండి, అక్కడ కొట్లు ఉండవు.

అసలు విషయానికొస్తాను. కళింగపట్నానికి కొంచెం పైన ఒక పల్లెలో పొద్దున్నే పెద్ద వల లాగడం చూశాను. ఊరి పేరు రాయను, ఎందుకో చివర్లో అర్థమవుతుంది. పడవ మీద వల ఏసుకుని సముద్రంలోకి అర్ధచంద్రాకారంలో తిరిగొస్తారు, ఒక తాడు కొస మొదటే ఒడ్డున ఉంటుంది, రెండో కొస దూరంగా ఇంకోచోట తెచ్చి ఇస్తారు. ఇక రెండు గుంపులు రెండు తాళ్ళు పట్టుకుని వెనక్కి వాలి అడుగులో అడుగు వేస్తూ లాగుతాయి. అన్నిటికన్నా వెనకున్న మనిషి తాడు వదిలి, నింపాదిగా నీళ్ళదాకా నడిచొచ్చి, ముందు చేరి మళ్ళీ పట్టుకుంటాడు. ఇలా గంటలు. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, బడికి పోవాల్సిన పిల్లలు, అందరి చేతులూ పడతాయి, చెయ్యి వేసినవాళ్ళకి వాటా ఉంటుంది. మెల్లగా రెండు గుంపులూ దగ్గరవుతాయి, మాటలు తగ్గుతాయి, కాకులు దిగుతాయి, చివరికి వల సంచి ఇసుక మీదికొస్తే అందరూ వంగి చూస్తారు. ఆ రోజు కవళ్ళు, నెత్తళ్ళు, కాసిని సావళ్ళు, ఒక గంపెడు జెల్లీచేపలు. వాటాలు వేస్తే ఒక్కొక్కరికీ ఎంతో రాలేదని మొహాలు చూస్తేనే తెలిసింది. నేను ఫోన్ జేబులో పెట్టుకుంటుంటే గంప సర్దుకుంటున్న ఒకావిడ "ఏటి నాయనా, బొమ్మలు తీసీసి ఎలిపోతావేటి, కాసిన్ని సేపలు కొనుక్కెల్లు" అంది. కొన్నాను. ఆవిడ ఇంట్లోనే పులుసు పెట్టించి అన్నం పెట్టింది, డబ్బులు తీసుకోడానికి మాత్రం చాలాసేపు బతిమాలించుకుంది.

అక్కడే కూర్చుని వల బాగుచేస్తున్న ఒక పెద్దాయనతో మాట్లాడితే ఆయన కొడుకులిద్దరూ వేరావల్‌లో ఉన్నారని చెప్పాడు. గుజరాత్. ఎండాకాలం వెళ్ళగానే మొదలై ఈ తీరం ఊళ్ళన్నీ సగం ఖాళీ అవుతాయి, మగవాళ్ళు అక్కడి బోట్ల మీద నెలల తరబడి కూలికి వెళ్ళిపోతారు. 2018 నవంబర్‌లో అలా వెళ్ళినవాళ్ళే పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళారని పట్టుబడ్డారు, వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలై ఇంటికొచ్చారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేల మంది వేరావల్‌లో బోట్ల మీదే చిక్కుకుపోతే బస్సులు పెట్టి తీసుకురావాల్సొచ్చింది. "ఇక్కడ సముద్రం నేదేటి బాబూ, సముద్రముంది, పడవ కట్టుకునే సోటే నేదు" అన్నాడాయన. అంతే సంగతి. పెద్ద బోటు పెట్టాలంటే దాన్ని కట్టడానికి జెట్టీ ఉండాలి, చేప దించాక ఐసు ఉండాలి, తుఫానొస్తే లోపలికి తెచ్చుకోడానికి చోటుండాలి. ఇవి లేకనే అంత తీరం పెట్టుకుని ఇంకో రాష్ట్రం సముద్రంలో కూలి చేస్తున్నారు. ఫిషింగ్ హార్బర్లు కడతామని ఏళ్ళ తరబడి వింటున్నాం, ఆ పనులు పూర్తయితే నాకన్నా సంతోషించేవాడు ఉండడు.

ఇక్కడ నాతో వాదించేవాళ్ళు ఒక మాట అంటారు, అది తీసిపారేసే మాట కాదు. "నువ్వు సిటీలో జీతం తీసుకుంటూ వాళ్ళని అలాగే ఉండమంటావా, పోర్టులొస్తే రిసార్టులొస్తే ఉద్యోగాలొస్తాయి కదా, వలసలు ఆగుతాయి కదా". నేను ఎవర్నీ అలాగే ఉండమనట్లేదు. నేను అడిగేది ఒక్కటే, వచ్చే పని ఎవరి చేతికొస్తుంది అని. రిసార్టులో చేప తెలిసినవాడికి ఏం పని ఇస్తారు? గేటు దగ్గర వాచ్‌మన్, లోపల స్వీపర్. పైగా రిసార్టు ముందున్న ఇసుక మీద వల ఎండబెడితే గెస్టులకి వాసన, పడవ లాగితే వ్యూకి అడ్డం, రెండేళ్ళలో ఫెన్సింగ్ పడుతుంది. మూలపేటలో 2023 నుంచి పోర్టు కడుతున్నారు, దగ్గర్లోనే నౌపడ ఉప్పుమడులు, ఆ చిత్తడినేలల్లో మేతకి తిరిగే పెలికాన్లు, రంగు కొంగలు గూళ్ళు కట్టే తేలినీలాపురం ఉన్నాయి. పోర్టు వద్దని నేననను, జిల్లాకి అదో ఆశ. కానీ వైజాగ్‌లో ఇసుక సంగతి చూశాక, ఆ గోడలకి ఉత్తరాన ఉన్న పల్లెల ఒడ్డు కోతకి గురైతే ఎవరు చూస్తారో ఇప్పుడే రాతపూర్వకంగా ఉండాలి, ఇళ్ళు పోయాక పరిహారం ఇస్తామంటే సరిపోదు.

ఈ తీరం వాళ్ళకి తమకేం కావాలో తెలియదనుకోవడం కూడా చాలా తప్పు. సోంపేట బీల గుర్తుందా? 2010 జూలై 14. తడినేల అది, చూసేవాళ్ళకి పనికిరాని బాడవలా ఉంటుంది, కాగితాల మీద అలాగే రాసి థర్మల్ ప్లాంటుకి ఇచ్చేశారు. కానీ రైతులకి నీళ్ళు దాంట్లోంచే, చేపలు పట్టేవాళ్ళకి చేపలు దాంట్లోంచే, గేదెలు మేసేదీ అక్కడే. అడ్డంపడ్డారు, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ప్లాంటు రాలేదు. ఈ రోజు మనం వెళ్ళి "అబ్బ ఎంత పచ్చగా ఉంది" అంటున్నామంటే దాని వెనక ఆ మనుషులున్నారు. బీల గట్టు మీద నిలబడ్డప్పుడైనా ఆ సంగతి తెలిసుండాలి మనకి.

తాబేళ్ళ గురించి చెప్పకుండా ఈ పోస్టు ముగించలేను. డిసెంబర్ దాటాక ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఈ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొస్తాయి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే ఋషికుల్య దగ్గర లక్షల్లో వస్తాయి, మన దగ్గర ఒకటీ అరా విడివిడిగా వస్తాయి. రాత్రిపూట ఒంటరిగా పైకొచ్చి, వెనక కాళ్ళతో మోకాలిలోతు గుంట తవ్వి, వంద గుడ్లదాకా పెట్టి, ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపి చదును చేసి వెళ్ళిపోతుంది, పొద్దున చూస్తే ట్రాక్టర్ టైరు పోయినట్టు జాడ ఒకటి మిగులుతుంది. కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా ఫారెస్టు వాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఊరివాళ్ళనే పెట్టుకుని ఆ గుడ్లు తెచ్చి వలకంచె వేసిన హేచరీలో పాతిపెడతారు, నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలొస్తాయి. అరచేతిలో పట్టేంత ఉంటాయి, గుంటలోంచి బయటపడగానే ఎటు వెలుగుంటే అటు పరిగెత్తుతాయి, ఎందుకంటే చీకటి ఒడ్డున అన్నిటికన్నా వెలుగ్గా కనిపించేది సముద్రమే. ఇప్పుడు అదే ఒడ్డున రిసార్టు ఫ్లడ్‌లైట్లు, బీచ్ రోడ్డు సోడియం దీపాలు పెట్టండి. ఆ పిల్లలు రోడ్డు వైపు పాకుతాయి, తెల్లారేసరికి ఎండకి చచ్చిపోతాయి. ఇంతకన్నా సూటిగా నా వాదన ఇంకేదీ చెప్పదు. ఆ ఒడ్డుకి చీకటి కావాలి. నైట్ బీచ్ ఫెస్టివల్ పెట్టి, లేజర్ షో పెట్టి "టర్టిల్ టూరిజం" అనకూడదు.

బారువ, మందస, ఉద్దానం ఈ మూడూ కలిపి తిరగండి. బారువ ఒకప్పుడు పోర్టు, ఇప్పుడు కొబ్బరి చెట్ల కింద పడవలూ ఎండుచేపలూ. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి రాతిపని చూసి బయటికొచ్చి కోవా తినండి. ఉద్దానం వాళ్ళ తోటల్లో నడిస్తే 2018 అక్టోబర్ తిత్లీ తుఫాను ఇంకా కనిపిస్తుంది, ముప్పై నలభై ఏళ్ళ కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో పడిపోయాయి, తర్వాత నాటినవి ఎత్తులో ఇంకా పాతవాటిని అందుకోలేదు. అదే ఉద్దానం కిడ్నీ జబ్బుతో ఊళ్ళకి ఊళ్ళు నలిగిపోతున్న ప్రాంతం కూడా, ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఎవరింటికైనా వెళ్తే డయాలసిస్ మాట వినిపిస్తుంది. అలాంటి చోట మనం కొనే కేజీ జీడిపప్పు, డజను కొబ్బరికాయలు, పనసపండు, నేరుగా తోట దగ్గరో ఊళ్ళో కొట్టులోనో కొంటే ఆ ఇంటికే వెళ్తాయి. బేరం ఆడకండి. సిటీ మాల్‌లో ఆడరు కదా.

వెళ్దామనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. నవంబర్ నెలాఖరు తుఫాన్లు దాటాక మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, అప్పుడే తేగలు కూడా వస్తాయి. విశాఖ నుంచి పలాస వైపు ప్యాసింజర్ బండెక్కితే కిటికీ పక్కన కూర్చుని శ్రీకాకుళం రోడ్, నౌపడ, పలాస ఎక్కడైనా దిగొచ్చు, అక్కడ నుంచి షేర్ ఆటోలుంటాయి, సాయంత్రం ఆఖరి ఆటో ఎన్నింటికో దిగగానే అడిగి ఉంచుకోండి. శ్రీకూర్మం, అరసవల్లి ఎలాగూ వెళ్తారు, శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్ళని చేత్తో పట్టుకోకండి. నది మొగల దగ్గర నీళ్ళలోకి అస్సలు దిగొద్దు, పైకి నిదానంగా కనిపిస్తుంది గానీ కింద లాగేస్తుంది, ఈ ఒడ్డున చాలాచోట్ల లైఫ్‌గార్డులు లేరు. వల లాగుతుంటే అడిగి చెయ్యి వేయండి, అడ్డంగా నిలబడి సెల్ఫీ తీసుకోకండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్ల వేట నిషేధం, అప్పుడు వెళ్ళి సముద్రపు చేప తక్కువగా దొరుకుతోందని హోటలువాడి మీద విసుక్కోవద్దు.

గవర్నమెంటుని అడిగేవాళ్ళుంటే నాతో కలిసి ఇవి అడగండి. ప్రతి బీచ్ దారి మొదట్లో శుభ్రమైన బాత్రూము, ముఖ్యంగా ఆడవాళ్ళకి. మండల కేంద్రం నుంచి ఒడ్డు పల్లెకి పొద్దునొకటి సాయంత్రమొకటి నమ్మకంగా తిరిగే బస్సు. ఊళ్ళోనే రెండు గదులు అద్దెకిచ్చుకోడానికి బ్యాంకు లోను. చెత్త ఎత్తే బండి. లైఫ్‌గార్డుగా ఆ ఊరి కుర్రాళ్ళకే జీతం, ఆ నీళ్ళు వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియవు. ఫిషింగ్ జెట్టీలు చెప్పిన తేదీకి పూర్తి కావడం. ఇవన్నీ కలిపినా ఒక పెద్ద రిసార్టుకి ఇచ్చే స్థలం విలువ ఉండదనే నా నమ్మకం.

ఇక ఆ పల్లె పేరు ఎందుకు రాయలేదంటే, లొకేషన్ పిన్ పడితే వచ్చే వీకెండ్‌కే కార్లు ఇసుక మీదికి దిగుతాయి, తాబేలు గుంటల మీదుగానే తిరుగుతాయి. నిజంగా వెళ్ళాలనుకునేవాళ్ళు శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో కళింగపట్నం బస్సెక్కండి, దిగి, టీ కొట్టు దగ్గర కూర్చుని "పొద్దున్న పెద్ద వల ఎక్కడేస్తన్నారు" అని అడగండి. చెప్తారు.